ఆకుకూర వాడిపోకుండా: అనంతపురం మిద్దెల మీద ఎండిన చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఆకుకూర గురించి మాట్లాడుకుందాం. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, కోసిన ఆకుకూరని ఇంట్లో వాడిపోకుండా ఎట్లా ఉంచాలి అనే దాని గురించి. వంటల వీడియో అనుకుని స్కిప్ చేయకండి, ఇది చరిత్రే. రాజుల చరిత్రలో ఒకే ఒక్క పద్యం అవతల దీనికి చోటు దొరకలేదు, అంతే.

అనంతపురంలో ఏప్రిల్ నెలలో ఆకుకూర కొన్నవాళ్ళకి తెలుస్తుంది. పొద్దున ఏడింటికి తోటకూర కట్ట నిటారుగా నిలబడి ఉంటుంది. అమ్మే ఆమె దాని మీద తడి గోనెపట్ట కప్పి, కొంచెంసేపటికొకసారి చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ కూర్చుంటుంది. మనం ఇంటికి తెచ్చి వంటింటి గట్టు మీద పెడితే పదకొండుకి తల వాల్చేస్తుంది. మధ్యాహ్నం రెండుకి చూస్తే పాత గుడ్డపేలిక లాగా ఉంటుంది. మరి ఫ్రిజ్ లేని రోజుల్లో, తాగే నీళ్ళకే కష్టంగా ఉన్న ఊర్లలో, మన అవ్వలు ఏడాది పొడుగునా ఆకుకూర పప్పు ఎట్లా చేశారు?

నా సమాధానం ముందే చెప్పేస్తా, తర్వాత ఆధారాలు చూద్దాం. మా పక్క ఆకుకూరని తాజాగా నిలవ ఉంచడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు. ఆకులో నీళ్ళు ఎట్లాగూ నిలవవు అని వాళ్ళకి తెలుసు. అందుకే ఆకు దండిగా దొరికినప్పుడు ఆ నీళ్ళని వాళ్ళే తీసేశారు. దొరకని రోజుల కోసం చెట్ల మీద, కలుపు మొక్కల మీద ఆధారపడ్డారు. తడిగుడ్డ, కుండ లాంటి పద్ధతులు తెలియక కాదు. వాటికి నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు ఎవరు మోయాలి అనేది అసలు ప్రశ్న.

ముందు ఆకు ఎందుకు వాడిపోతుందో చూద్దాం. నేను చదివింది బీటెక్, బాటనీ కాదు. కానీ ఈ లెక్క ఇంజనీర్లకి ఇష్టమైన రకం. కోసిన తర్వాత కూడా ఆకు బతికే ఉంటుంది. శ్వాస తీసుకుంటుంది, చిన్న చిన్న రంధ్రాల్లోంచి, పైపొరలోంచి నీళ్ళని ఆవిరిగా వదులుతుంది. వేరు ఉన్నంతకాలం కింది నుంచి సప్లై ఉంటుంది, కోశాక సప్లై కట్, ఖర్చు మాత్రం అట్లాగే నడుస్తుంది. ఆ ఖర్చు ఎంత వేగంగా జరుగుతుందో చుట్టూ ఉన్న గాలి నిర్ణయిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం మా దగ్గర 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ అనుకుందాం. ఆ గాలి ఆకుని లాగే బలం, అంటే ఆవిరి పీడనంలో తేడా, సుమారు 5.9 కిలోపాస్కల్. అదే కోస్తాలో, బందరు లాంటి చోట 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే అది సుమారు 2.1. దాదాపు మూడు రెట్ల తేడా. కాబట్టి కోస్తా వాళ్ళు చెప్పే ఆకుకూర చిట్కా మా ఊర్లో పనిచేయకపోతే అది మీ తప్పు కాదు, గాలి తప్పు.

ఈ గాలి ఎందుకిట్లా ఉందో అందరికీ తెలిసిందే, అయినా ఒక్క మాట. అనంతపురం దక్కన్ పీఠభూమి మీద వానచాటు ప్రాంతం. నైరుతి రుతుపవనం పశ్చిమ కనుమలు దాటి వచ్చేసరికి ఖాళీ చేతులతో వస్తుంది, ఈశాన్యం తూర్పు నుంచి మా దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వానపడే జిల్లా మాదే అని స్కూల్లో చదువుకున్నాం, కొంచెం గర్వంగా కూడా చెప్పుకునేవాళ్ళం, ఎందుకో తెలీదు. ఆ సగటులో కూడా మోసం ఉంది. వాన కొన్ని రోజుల్లోనే పడిపోతుంది. పడిన పదిహేను ఇరవై రోజులకి చేలగట్లు, బీళ్ళు పచ్చబడతాయి. ఆ తర్వాత మళ్ళీ ఎర్రమట్టే.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ‘తాజా’ అనేది పారసీ మాట, మనకి ఉర్దూ దారిలో వచ్చింది. అంతకు ముందు మనవాళ్ళు ఆకుని ‘లేత’, ‘ముదురు’, ‘పచ్చి’, ‘ఎండు’ అన్నారు. గమనించండి, లేత, ముదురు అనేవి మొక్క వయసు చెప్పే మాటలు. పచ్చి, ఎండు అనేవి దాని స్థితి చెప్పే మాటలు. కోసి ఎంతసేపయింది అనే లెక్క వాటిల్లో లేదు. కోసిన వెంటనే వండేవాళ్ళకి ఆ లెక్కతో పని తక్కువ. మాట చరిత్రతో మొత్తం జీవితాన్ని నిరూపించలేం గానీ, నాకైతే ఇది ఊరికే జరిగిందని అనిపించదు.

మరి కోసిన వెంటనే వండాలంటే రోజూ ఎక్కడో ఒకచోట ఆకు ఉండాలి కదా. ఇక్కడే అసలు తెలివి ఉంది. తొలకరి తర్వాత చేలల్లో దానంతటదే మొలిచే ఆకులు: గురుగాకు, చెంచలాకు, అడవి తోటకూర, గంగవాయిలి. చేను గట్టున నారకోసం వేసిన గోగు, దాని ఆకు పప్పులోకి. గోంగూరని కన్నడం వాళ్ళు పుండి అంటారు, సరిహద్దు ఊర్లలో రెండు పేర్లూ నడుస్తాయి. చలికాలం వచ్చేసరికి ఉరవకొండ, విడపనకల్లు, గుంతకల్లు పక్క నల్లరేగడిలో శెనగాకు. ఎండాకాలం మొదట్లో, వాన చుక్క లేకుండానే, చింతచిగురు. మునగాకు ఎప్పుడైనా. చింతచెట్టు వేర్లు మన బోరు కంటే నమ్మకంగా నీళ్ళు వెతుక్కుంటాయి. ఫ్రిజ్ అంటే ఆకుని బతికించి ఉంచే పెట్టె అయితే, పెరట్లో మునగచెట్టు అంతకంటే మంచి ఫ్రిజ్. కరెంటు బిల్లు రాదు, కావాల్సిన రెమ్మ మాత్రమే విరుచుకోవచ్చు.

గంగవాయిలి గురించి చిన్న పక్కదారి. ఆ ఆకు దళసరిగా, నీళ్ళు నింపినట్టు ఉంటుంది కదా. నీళ్ళు తగ్గినప్పుడు ఆ మొక్క తన పద్ధతి మార్చుకుంటుంది. పగలు రంధ్రాలు బిగించుకుని, రాత్రి చల్లబడ్డాక గాలి తీసుకోవడం మొదలుపెడుతుంది. కలబంద, నాగజెముడు చేసే పని. మిగతా ఆకుకూరలు గంటల్లో కూలిపోతుంటే ఇది కోశాక కూడా చాలాసేపు నిలబడుతుంది. దీన్ని కలుపు అని పీకి పారేసే జిల్లాలో మనం బెంగళూరు నుంచి లెట్యూస్ తెప్పించుకుంటున్నాం.

సరే, ఇప్పుడు ఎండబెట్టడం దగ్గరికి వద్దాం. తెలుగులో దీనికి చక్కటి పాత మాట ఉంది: వరుగు. కొందరు ఒరుగు అంటారు. కూరగాయ ముక్కనో ఆకునో ఎండబెట్టి దాచుకుంటే అది వరుగు. ఈ మాట ఎంత పాతది అంటే, కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో ఉంది. రాయలు పరిపాలించింది 1509 నుంచి 1529 దాకా. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడి ఇంట్లో అతిథులకి వానాకాలంలో పెట్టే భోజనం వర్ణన వస్తుంది. అన్నం, పప్పు, కూరలతో పాటు వరుగులు, వడియాలు కూడా విస్తట్లో ఉంటాయి. రాజు తన కావ్యంలో మెనూ రాశాడని మనకి తెలుసు, కానీ అందులో ఒక నిల్వ పద్ధతి కూడా రికార్డ్ అయిందని ఎవరూ పెద్దగా చెప్పరు.

ఇందులో నాకు నచ్చిన విషయం ఏమంటే, ఆ పద్యంలో వరుగు పనికొచ్చింది ముసురు పట్టిన రోజుల్లో. ఎడతెరిపి లేని వానలో బయటికి పోయి కూర తేలేరు, అందుకని ఎండాకాలంలో దాచింది బయటికి తీశారు. కథ జరిగేది తమిళదేశంలో, శ్రీవిల్లిపుత్తూరులో. మా పక్క కథ తిరగబడింది. ఇక్కడ వానాకాలంలో దాచి ఎండాకాలంలో తీశారు. టెక్నిక్ ఒకటే, కష్టం మాత్రం వేరు. రాయలవారి కాలంలోనే పెనుకొండ విజయనగరానికి ముఖ్యమైన కోట, 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత అదే రాజధాని కూడా అయింది. ఆ కోట కింద ఊర్లలో కూడా వరుగులు ఎండి ఉంటాయని ఊహించడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

ఎండబెట్టడానికి చోటు కావాలి. మా పాత ఇళ్ళు చూడండి. కోస్తాలో పెంకుటిళ్ళు, తాటాకు ఇళ్ళు, కప్పు వాలుగా ఉంటుంది. మా దగ్గర మట్టిమిద్దెలు. దూలాల మీద దంతెలు, వాటి మీద రాతిపలకలో కట్టెలో పరిచి, పైన చౌడుమన్ను తొక్కించిన సమతలపు కప్పు. వాన తక్కువ కాబట్టే అట్లాంటి కప్పు సాధ్యం. వాన ఎక్కువుంటే రెండేళ్ళలో కరిగిపోతుంది. మిరపకాయలు, ఉలవలు, వడియాలు, చింతపండు, ఆకు అన్నీ ఆ మిద్దె మీదే ఆరేవి. కరువు తెచ్చిన ఎండనే ఆ కప్పు పనికి పెట్టుకుంది. ఇప్పుడు సోలార్ డ్రయ్యర్ అని స్టార్టప్ వాళ్ళు స్లైడ్లు వేస్తారు. ఆ స్లైడ్లు నేనూ వేశాను ఒకప్పుడు, కాబట్టి ఎక్కువ మాట్లాడను.

శెనగాకు ఎట్లా చేసేవాళ్ళో వివరంగా చెప్తా, ఎందుకంటే ఇదే మా ప్రాంతం సొంత వస్తువు. శెనగ పంటకి పై నీళ్ళు పెట్టరు. వానాకాలం వెళ్ళిపోయాక, నల్లరేగడి లోపల దాచుకున్న పదునుతోనే అక్టోబరు, నవంబరులో విత్తుతారు. మొక్క నెల దాటాక కొనలు తుంచుతారు. తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, కాయ పెరుగుతుంది, కాబట్టి రైతు కాదనడు. తుంచిన చిగురు ఇంటికి. ఆకు మీద సన్నటి వెంట్రుకలు వదిలే పులుపు ఉంటుంది, మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం. అందుకే ఆ పప్పులో చింతపండు తక్కువ పడుతుంది. ఒక్కరోజులో తినలేనంత వస్తే మిద్దె మీద పల్చగా పరుస్తారు. మా గాలికి రెండు రోజుల్లో చేతితో నలిపితే పొడి అవుతుంది. కాడలు ఏరేసి, ఆకుని కుండలో అదిమి, మూతికి గుడ్డ కట్టి పెడతారు. ఎండిన శెనగాకుని గుప్పెడు తీసి బేడల్లో వేస్తే, అదే పులుపు, ఇంకొంచెం ఘాటుగా.

తోటకూర లాంటి ఆకులో సుమారు 85 శాతం నీళ్ళే. అంటే కిలో ఆకు ఎండితే 150, 170 గ్రాములు మిగులుతుంది. గంప ఆకు ఒక కుండలో పడుతుంది. బూజుకి, బాక్టీరియాకి బతకడానికి నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు ఒక హద్దు కిందికి పోతే అవి ఏం చేయలేవు. దీనికి ఉప్పు, నూనె, మంట ఏమీ అక్కర్లేదు.

అయితే దీన్ని మరీ పొగడొద్దు. ఎండిన ఆకులో విటమిన్ సి చాలావరకు పోతుంది. విటమిన్ ఎ కి మూలమైన కెరోటిన్ నేరుగా ఎండ తగిలితే విరిగిపోతుంది. అందుకే నీడలో గాలికి ఆరబెట్టిన ఆకు పచ్చగా ఉంటుంది, ఎర్రటి ఎండలో ఆరింది గడ్డిరంగుకి తిరుగుతుంది. ఆ రంగే మీకు టెస్ట్ రిపోర్ట్. మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసి ఆరబెడితే రంగు ఇంకా నిలుస్తుంది, ఎందుకంటే ఆకులో విరగ్గొట్టే ఎంజైములు ఆ వేడికి ఆగిపోతాయి. ఇనుము, కాల్షియం మాత్రం ఎటూ పోవు. ఇదేమీ చిన్న విషయం కాదు. విటమిన్ ఎ లోపంతో పిల్లలకి చూపు పోవడం ఎంత పెద్ద సమస్య అంటే, 1970లో కేంద్రం దాని కోసమే దేశవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టింది. దాని వెనక హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఉంది. ఆ సంస్థ 1918లో కూనూరులో చిన్న యూనిట్‌గా పుట్టి, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది.

ఇప్పుడు కొంచెం బరువైన భాగం. ఆకు కుండలో ఉంటే కరువు దాటొచ్చా? ఒక ఏడాది అయితే కొంతవరకు. రెండో ఏడాది కూడా వాన రాకపోతే ఎండబెట్టడానికి ఆకే ఉండదు. 1876లో అదే మొదలైంది. అప్పటికి అనంతపురం వేరే జిల్లా కాదు, బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గానీ విడిపోలేదు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకి ధారాదత్తం చేసిన దత్తమండలాల్లో ఇది ఒకటి. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో వచ్చింది, ఆ పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావు గారు అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పినాయనే. 1876-78 కరువులో 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్లారి జిల్లా జనాభా ఐదో వంతు తగ్గింది. ఐదుగురిలో ఒకరు.

ఆ కరువులో ఒక వాదన జరిగింది. కరువు పనులకి వచ్చిన కూలికి ఎంత తిండి ఇవ్వాలి? కేంద్రం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో రోజుకి ఒక పౌను ధాన్యం, దాని మీద ఒక అణా చాలన్నాడు. పౌను అంటే 450 గ్రాములు. రోజంతా రాళ్ళు కొట్టే మనిషికి. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కనీసం పౌనున్నర ధాన్యం, దానికి తోడు పప్పు, కూరగాయలు కావాలన్నాడు. కూరగాయలు. లక్షలమంది చనిపోతున్న సమయంలో ఒక డాక్టరు కూర గురించి కొట్లాడాడు. అది నోటి రుచి కోసం కాదు, ఉత్త గింజలతో శరీరం నిలబడదని ఆయనకి తెలుసు. మద్రాసు ప్రభుత్వం మార్చి నెలలో గానీ కూలి పెంచలేదు. ఆ మధ్య నెలల్లో పోయినవాళ్ళు పోయారు. ఇల్లు వదిలి క్యాంపుకి వచ్చిన ఆడమనిషికి మిద్దె లేదు, కుండ లేదు. ఆమెకి తెలిసిన వరుగు విద్య అక్కడ ఎందుకూ పనికిరాలేదు.

ఇక కుండలో చల్లదనం సంగతి. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కుండలో కుండ పద్ధతి. పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి తడుపుతారు. నీళ్ళు ఆవిరవుతూ లోపల వేడిని లాక్కుపోతాయి. ఉత్తర నైజీరియాలో మహమ్మద్ బాహ్ అబ్బా అనే టీచర్ దీన్ని ఊరూరా పంచి 2000లో రోలెక్స్ అవార్డు తీసుకున్నాడు. ఒక్కరోజులో పాడయ్యే ఆఫ్రికన్ స్పినాచ్ దాంట్లో 12 రోజులు ఉందని ఆయన చెప్పాడు. ఆ ఆఫ్రికన్ స్పినాచ్ ఏంటో తెలుసా? మన తోటకూర జాతే. మన దగ్గర ఢిల్లీ భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే పూసా వాళ్ళు 1980ల్లోనే ఇటుకలతో ఇట్లాంటిదే పెద్దది చేశారు. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో ఏడున్నర సెంటీమీటర్ల సందు, అందులో తడి ఇసుక, పైన తడి గడ్డి మూత. దాంట్లో ఆకుకూరకి రెండు మూడు రోజులు లెక్క. నేను పూసా లెక్కనే ఎక్కువ నమ్ముతా. 12 రోజులు నిలవడానికి గాలి, ఆకు, మనిషి ముగ్గురూ సహకరించాలి.

ఈ పద్ధతికి అనంతపురం గాలి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇందాకటి లెక్కే తీసుకుంటే, 40 డిగ్రీలు, 20 శాతం తేమలో తడిబట్ట దిగగలిగే హద్దు సుమారు 23 డిగ్రీలు. బందరులో 36 డిగ్రీల దగ్గర మొదలుపెట్టినా 30 కిందికి పోదు. అంటే ఆకుని చంపే గాలే, కుండని మాత్రం చల్లబరుస్తుంది. మరి మనవాళ్ళు ఇంటింటా ఎందుకు కట్టుకోలేదు?

నీళ్ళు. లీటరు నీళ్ళు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడిని తీసుకుపోతాయి, బానే ఉంది. కానీ ఆ లీటరు ఎండాకాలంలో ఊరి బావి నుంచి, లేదంటే పక్క ఊరి నుంచి కడవలో వచ్చింది. మోసింది ఆడవాళ్ళు. పది పైసల కట్ట ఆకు కోసం పూటకొక చెంబు ఇసుకలో పొయ్యమని ఏ అత్తగారు చెప్పినా, ఆ కోడలు మనసులో ఏమనుకుంటుందో మనకి తెలుసు. అందుకని ఖర్చు లేని చోట మాత్రమే ఆ సూత్రం వాడారు. మా అవ్వ వాళ్ళింట్లో తాగే నీళ్ళ బాన ఇసుక దిబ్బ మీద ఉండేది. బాన ఎట్లాగూ చెమరుస్తుంది, ఇసుక తడుస్తుంది. ఆకు కట్టని వేరు తీయకుండా, పాత చీరముక్కలో చుట్టి ఆ ఇసుకలో పెట్టేది. రేపు పొద్దున దాకా ఉంటే చాలు. దాని కోసం ఒక్క చుక్క కూడా ఎక్కువ పొయ్యలేదు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసేటప్పుడు వేస్ట్ హీట్ వాడుకోవడం గురించి డేటా సెంటర్ వాళ్ళు గంటసేపు ప్రెజెంటేషన్ ఇచ్చారు. నాకు ఆ బానే గుర్తొచ్చింది.

తర్వాత ఏమైంది? శెనక్కాయ వచ్చింది. వేరుశెనగ ఇరవయ్యో శతాబ్దంలో మెల్లగా పెరిగి, చివరి దశాబ్దాలకి జిల్లా ఎర్రనేలలన్నీ ఆక్రమించింది. కొర్ర, జొన్న, సజ్జ, కంది, అలసంద, గోగు కలిపి వేసే చేను పోయి, చూపు ఆనినంత దూరం ఒకటే పంట అయింది. అయినా ఆకుకూర బతికింది, ఎందుకంటే కలుపు తీసేది మనుషులు. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్ళు పొద్దుగూకేసరికి కొంగులో గురుగాకో, చెంచలాకో కట్టుకుని వచ్చేవాళ్ళు. కూలి డబ్బుతో పాటు రాత్రి కూర. ఎక్కడా రాసుకోని కూలి అది. ఇప్పుడు గడ్డిమందు కొడుతున్నారు. రైతుని తిట్టడానికి నాకు నోరు రాదు, వాన లేక అప్పుల్లో ఉన్నాయన కలుపు ఖర్చు తగ్గించుకోక ఏం చేస్తాడు? కానీ ఆ ఒక్క స్ప్రేతో కూలీ పోయింది, కూరా పోయింది. మందు కొట్టిన చేలో మొలిచింది తినొచ్చో లేదో కూడా తెలియని పరిస్థితి. జహీరాబాద్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళు, మా దగ్గర చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ వాళ్ళు చిరుధాన్యాల సేద్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. చిరుధాన్యాలకి ఇప్పుడు మార్కెట్లో ప్యాకెట్ ఉంది, పేరుంది. దాంతో పాటు మొలిచే ఆకుకి ఇంకా రేటు కట్టలేదు.

ఇప్పుడు మనం తినేది బోరు కింద పెంచిన పాలకూర, మెంతికూర, కొత్తిమీర. అవి లేత ఆకులు, నీళ్ళు తాగి పెరిగినవి, కోశాక అంతే వేగంగా కూలిపోతాయి. ఫ్రిజ్ లేకుండా వాటితో కుదరదు. మన దేశంలో గోద్రెజ్ మొదటి ఫ్రిజ్ తయారుచేసింది 1958లో. మా ఊర్లలో మామూలు ఇళ్ళకి రావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. అది వచ్చాక వాడే తీరు మాత్రం అవ్వ దగ్గరే నేర్చుకోవచ్చు. కట్టకి వేసిన రబ్బరు బ్యాండు, తాడు ముందు తీసేయండి, నలిగిన చోటే కుళ్ళు మొదలవుతుంది. ఎర్రబడిన ఆకులు ఏరేయండి. కడగకండి, వండే ముందే కడగాలి. కొంచెం చెమ్మ ఉన్న నూలుగుడ్డలో వదులుగా చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో గాలి కూడా పొడిగానే ఉంటుంది, గుడ్డ లేకపోతే అక్కడా వాడిపోతుంది. టమాటా, అరటిపండు పక్కన పెట్టొద్దు, అవి వదిలే ఇథిలీన్ వాయువుకి ఆకు పసుపెక్కుతుంది. కొత్తిమీరని వేర్లతో గ్లాసు నీళ్ళలో నిలబెట్టొచ్చు. లెట్యూస్‌కి కూడా ఇవే రూల్స్.

లెట్యూస్ అంటే గుర్తొచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టాక, కొరియా వాళ్ళు మా పక్కకి వచ్చి ఉంటున్నారు. వాళ్ళు మాంసాన్ని పచ్చి లెట్యూస్ ఆకులో చుట్టుకుని తింటారు, అది సినిమాల్లో చూసి మనకీ తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది. కొరియాలో చలికాలం ముందు ముల్లంగి ఆకుల్ని చూరుకి వేలాడదీసి ఎండబెడతారు. దాన్ని షిరేగి అంటారు. చలికాలమంతా నానబెట్టి, సోయా ముద్దతో పులుసు కాస్తారు. కాశ్మీర్‌లో కూడా మంచు పడే నెలల కోసం కూరలు ఎండబెడతారు, పేరు హొఖ్ స్యున్. జింబాబ్వేలో ఎండిన ఆకుకి ముఫుష్వా అని పేరు. చలి ఒకచోట, ఎండ ఒకచోట, చేసిన పని ఒకటే. రాయలవారి విస్తట్లో వరుగులు, అదే పెనుకొండ కింద ఇప్పుడు షిరేగి తెలిసిన మనుషులు. వాళ్ళెవరైనా మా శెనగాకు పప్పు తిని చూడాలని నాకు చాలా కోరిక.

మీరు చేయాలనుకుంటే కొలత చెప్పేస్తా. ఎండు శెనగాకు గుప్పెడు, కందిబేడలు ఒక గ్లాసు. ఆకుని గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి పిండండి, ఇసుక ఉంటే అడుగున దిగుతుంది. ఆ నీళ్ళు పారబోయకండి, మునగచెట్టుకి పోయండి. బేడలతో కలిపి ఉడికించి, పచ్చిమిర్చి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేసి ఎనపండి. పులుపు చూసుకున్నాకే చింతపండు సంగతి. సంగటి ముద్దతో తినండి. వచ్చే ఎపిసోడ్‌లో మట్టిమిద్దెల గురించే విడిగా మాట్లాడుకుందాం, చౌడుమన్ను ఎందుకు కారదో అందులో చెప్తా. ఉంటాను.